దొర మీద చివరి దెబ్బ

మునేష్ చెయ్యి మంచిదని రాబర్ట్‌సన్‌పేట బజారులో అందరికీ తెలుసు. ఎలా తెలుసని అడిగితే మాత్రం అడిగినవాణ్ణి జాలిగా చూస్తారు. కొత్తగా ఏ కొట్టు తెరిచినా తొలి బేరం అతనిదే. ఒక సబ్బు బిళ్ళో, బాల్‌పెన్నో కొని నవ్వుతూ బయటపడాలి. అలా అతను బోణీ చేసిన కొట్లలో సగం ఏడాది తిరక్కుండా మూతపడ్డాయి. నడుస్తున్నవన్నీ మునేష్ చేతి చలవతో నడుస్తున్నాయి. మూతపడ్డవి యజమానుల సోమరితనం వల్ల మూతపడ్డాయి. ఇంత భద్రమైన పేరు జ్యోతిష్కులకు తప్ప ఇంకెవరికీ దొరకదు.

తమిళం, కన్నడం, తెలుగు ఒకే కుళాయి దగ్గర కొట్టుకుంటూ పెరిగిన ఆ ఊళ్ళో దీన్ని కైరాశి అంటారు. మునేష్‌కి అది పుట్టిన వారంలోనే అంటుకుంది. తండ్రి పెద్దన్న అప్పట్లో బంగారు గనిలో డ్రిల్లింగ్ గ్యాంగులో పనిచేసేవాడు. పుంగనూరు వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం. పిల్లాడు పుట్టిన వారంలో ఆ గ్యాంగు తొలుస్తున్న చోట మేలైన రాయి తగిలింది. అక్కడ అలాంటి రాయి ఉందని జియాలజిస్టులు చాలా ముందే పటం గీసిపెట్టారు. గ్యాంగుని అక్కడికి పంపిందే అందుకు. కానీ పటం చూసి ఎవరూ దండం పెట్టరు. పొత్తిళ్ళలో ఉన్న పిల్లాడికి పెట్టారు. ఆయుధపూజ నాడు వాణ్ణి ఎత్తుకొచ్చి, అరచేతికి కుంకుమ పూసి, డ్రిల్లింగ్ మిషన్ మీద అచ్చు వేయించారు. కొత్త చోట తొలి రంధ్రం వేసేముందు కైరాశి ఉన్నవాడు మిషన్‌ని తాకాలన్నది గ్యాంగుల ఆచారం. ఆ ఆచారం పాటించినంత కాలమూ గనిలో బంగారం తగ్గుతూనే వచ్చి, చివరికి గని మూతపడింది. ఆ సంగతి మాత్రం మునేష్ చేతి పద్దులో పడలేదు. దానికి ప్రభుత్వం ఉంది.

గని మూతపడ్డాక ఆ ఊరి గురించి రాసినవాళ్ళంతా కన్నీళ్ళతో రాశారు. మునేష్‌కి ఏడవడానికి తీరిక లేకపోయింది. మోటార్లు చుట్టాలి. కోలారు జిల్లాలో బోరుబావులు పాతాళం దాకా దిగాయి కాబట్టి మోటార్లు కాలిపోతూ ఉంటాయి, కాలిపోయిన మోటారుకు కొత్తగా రాగి తీగ చుట్టేవాడికి ఎప్పుడూ పని ఉంటుంది. బైరకూరు నుంచి చిన్నవెంకటప్ప అనే రైతు దారిలో వేరే వైండింగ్ షాపులు దాటుకుని మరీ ఇతని దగ్గరికి మోటారు మోసుకొస్తాడు. “నువ్వు ముట్టుకుంటే నీళ్ళు పడతాయప్పా,” అంటాడు. నీళ్ళు పడాల్సింది బోరులో, మోటారులో కాదు. మునేష్ తీగ చుట్టడం నిజంగానే శుభ్రంగా చుడతాడు; అంత ఒద్దికగా చుట్టేవాడు ఆ బజారులో మరొకడు లేడు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. చేసే పనికి రావలసిన పేరంతా చేతికే పోయింది.

అతనికీ అదే హాయిగా ఉండేది. పనితనం రోజూ చూపించుకోవాలి. కైరాశికి ఆ శ్రమ లేదు.

ఈ చెయ్యే అతన్ని సుధీంద్ర ఇంట్లోకి తీసుకెళ్ళింది. సుధీంద్ర, మునేష్ ఒకే బడిలో చదివారు. సుధీంద్ర వాళ్ళ తాత గని ఆఫీసులో గుమాస్తా, తండ్రి మాస్టారు. సుధీంద్ర రోజూ రైలెక్కి బెంగుళూరు పోయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, రైల్లో నిద్రపోతూ తిరిగొస్తాడు. చదువుకునే రోజుల్లో మునేష్ ఆ ఇంటి గేటు దగ్గర నిలబడి పిలిచేవాడు. నీళ్ళు గేటు దగ్గరికే వచ్చేవి. వాళ్ళు మేడ కట్టించుకున్నప్పుడు సుధీంద్ర తల్లి రాజలక్ష్మి అతన్ని స్వయంగా లోపలికి పిలిచింది. పాలు పొంగించడానికి కాదు. ఆ పనికి వేరే చేతులు ఉన్నాయి. కొత్త మిక్సీ స్విచ్చి వెయ్యడానికి. కరెంటుకు మడి లేదని ఎవరు నిర్ణయించారో గాని మంచి పని చేశారు. ఆ రోజు నుంచి ఆ ఇంటి హాల్లో, కిటికీ పక్కన, మునేష్‌కి ఒక కుర్చీ ఉంది.

ఆ మేడ మీది గదిలోనే ఆట మొదలైంది. సుధీంద్ర బెంగుళూరు ఆఫీసులో పారేసిన పాత కంప్యూటర్లు నాలుగు తెచ్చి వరసగా పెట్టాడు. ఆదివారం భోజనాలయ్యాక నలుగురు కూర్చుంటారు: సుధీంద్ర, డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే అతని చెల్లెలు శ్రీరక్ష, మునేష్, బేతమంగళ రూటు బస్సులో కండక్టరుగా చేసే మునేష్ చెల్లెలు నేత్ర. ఆట సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, భూమి లోపలికి అంతస్తులు అంతస్తులుగా దిగుతూ కనిపించిన భూతాన్నల్లా చంపి, అవి రాల్చిన వస్తువులు ఏరుకోవడం. కత్తులు, కవచాలు, ఉంగరాలు రాలతాయి. చాలావరకు చెత్త, ఎప్పుడో ఒకటి మేలు రకం. తాతలు కూలి తీసుకుని చేసిన పనిని మనవళ్ళు కరెంటు బిల్లు కట్టి చేస్తున్నారు. సుధీంద్ర తాత అయితే గనిలోకి ఎన్నడూ దిగలేదు, దిగినవాళ్ళ హాజరు వేశాడు. మనవడు ఆ లోటు తీరుస్తున్నాడు.

అట్టడుగు అంతస్తులో ఒక పెద్ద భూతం ఉంటుంది. తయారుచేసినవాళ్ళు దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు. ఎర్రటి మొహం, బంగారు కుర్చీ, మాట్లాడకముందే కోపం. చూసిన మొదటిరోజే నేత్ర “దొర” అంది. ఇంక వేరే పేరు అవసరం లేకపోయింది. ఆ ఊరివాళ్ళు ఇన్ని తరాల తర్వాత ఒక దొరను కొట్టబోతున్నారు. ఉత్సాహం ఉండదా మరి.

ఈ ఆటలో ప్రతి మనిషికీ ఒక పట్టిక ఉంటుంది. బలం ఇంత, ప్రాణం ఇంత, వేగం ఇంత అని. ఆ పట్టికలో ఒక వరస అదృష్టానిది. అదృష్టం పెరిగితే రాలే వస్తువుల్లో మేలు రకాలు పెరుగుతాయి. మునేష్ తన పట్టిక తెరిచి ఆ వరస చూశాడు. సున్నా.

అతను చాలాసేపు దాన్నే చూశాడు. కుంకుమ అద్దిన చెయ్యి, సగం బజారుకు బోణీ చేసిన చెయ్యి, దాని ఎదురుగా సున్నా. అందరికీ మొదట్లో సున్నాయే ఉంటుందని శ్రీరక్ష చెప్పింది. అది ఓదార్పులా కాక ఇంకో అవమానంలా తగిలింది అతనికి. అందరితో సమానంగా పుట్టానని వినడానికి ఇష్టపడేవాళ్ళు తక్కువ. మునేష్ వాళ్ళలో లేడు. ఆ రోజు నుంచి అతను దొరికిన ప్రతి వస్తువునూ ఒకే కంటితో చూశాడు. బలం పెంచే హెల్మెట్ తీసేసి అదృష్టం పెంచేది పెట్టుకున్నాడు. చేతి తొడుగులు, బూట్లు, రెండు ఉంగరాలు, మెడలో తాయెత్తు, అన్నీ అదృష్టానివే. నెల తిరిగేసరికి ఆ వరసలో అంకె నిండు చూలాలిలా ఉబ్బింది. మనిషి మాత్రం గుహలో ఎలుక కరిస్తే పడిపోయేట్టు తయారయ్యాడు.

దానికి తోడు ఆటలో ఇంకో నియమం ఉంది. ఏ భూతాన్ని ఎవరు చివరి దెబ్బ కొట్టి చంపితే, వాళ్ళ అదృష్టాన్నే ఆట లెక్కలోకి తీసుకుంటుంది. వేరే ఊళ్ళో ఈ నియమం చదివి ఏం చేసేవాళ్ళో తెలియదు. ఇక్కడ మాత్రం సుధీంద్రకు వెంటనే గ్యాంగుల ఆచారం గుర్తొచ్చింది. మిగతావాళ్ళు కొట్టి కొట్టి దొరను చావు అంచుకు తేవాలి, అక్కడ ఆగాలి, అప్పుడు కైరాశి ఉన్నవాడు వచ్చి చెయ్యి పెట్టాలి. ఎంత చక్కగా కుదిరిందో అని అతను మురిసిపోయాడు. అదృష్టమూ ఉంది, ఆచారమూ ఉంది. లేనిదల్లా దెబ్బలో బలం.

ఆదివారాలు ఇలా గడిచేవి.

“ఆపండి, ఆపండి. ఇంగ స్వల్పమే ఉండాది దొరకి,” సుధీంద్ర రెండు చేతులూ పైకెత్తేవాడు. “మునేషూ, యాడుండావప్పా?”

“మెట్ల కాడ. ఎలుకలు చుట్టుకున్యాయి.”

“ఎలుకలా?” నేత్ర తెర మీంచి కళ్ళు తిప్పకుండానే అనేది. “నేను ఈడ దొర కాళ్ళ కింద నలిగిపోతా ఉండాను, నువ్వు ఎలుకలతో గలాటా పెట్టుకోనుండావా అన్నా?”

“ఉంగరాలు రెండూ లక్కువే గదమ్మా. బలం యాడనుంచి వస్తాది.”

“కొట్టేస్తా సుధీంద్రన్నా. ఒక్క దెబ్బ.”

“వద్దు నేత్రా, నీ తల్లి పుణ్యం. అంతా వేస్టయిపోతాది. మునేషు రానీ.”

మునేష్ వచ్చేవాడు. చిన్న కత్తితో దొర మోకాలి కింద గీరేవాడు. కాసేపు తెరిపి దొరికితే దొరకు నడుముకున్న సీసా తీసి తాగే అలవాటు ఉంది. తాగితే గాయాలన్నీ మానిపోతాయి. దొర తాగేవాడు. లేచేవాడు. మొదట మునేష్ పోయేవాడు, తర్వాత సుధీంద్ర, తర్వాత శ్రీరక్ష; చివరిదాకా గొడ్డలి తిప్పుతూ నేత్ర పోయేది. కింద నుంచి రాజలక్ష్మి కాఫీ తెచ్చేసరికి నలుగురూ తెర మీద శవాలై ఉండేవారు.

“ఓడిపోయినారా? పోనీలే,” అనేది ఆవిడ. “మునేషు ఉండాడు గదా, వచ్చే వారం అయిపోతాది.”

ఎప్పుడో ఒక ఆదివారం మాత్రం మునేష్ కత్తి సరిగ్గా తగిలి దొర పడ్డాడు, మేలైన కిరీటం ఒకటి రాలింది. ఆ ఒక్క ఆదివారాన్ని సుధీంద్ర రైల్లో పక్కవాళ్ళకు నిలబెట్టి చెప్పాడు. మిగతా ఆదివారాలు చెప్పడానికి ఏముంది, అవి జరగలేదు.

శ్రీరక్ష ఓపిక ఉన్న మనిషి. ఆమె వృత్తి అలాంటిది. అవకాశం అంటే ఏమిటో ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెప్పి, వాళ్ళు హాల్ టికెట్టుకు పసుపు పూసుకుని పరీక్షకు రావడం చూస్తుంది. అయినా చెప్పి చూసింది.

“మునేషన్నా, ఒకసారి చంపితే ఎంత మంచిది పడతాది అనేది ఒక లెక్క. ఆదివారం పూట ఎన్నిసార్లు చంపుతాము అనేది ఇంకో లెక్క. రెండూ గుణించాల. నువ్వు ఒకటే చూస్తా ఉండావు.”

“ఒకటే మంచిది పడితే సాలదా మేడం?”

“పడాలంటే ముందు చావాల గదా వాడు. ఇంగోటి చెప్తాను విను. ఈ లక్కు అనేది కాఫీలో చక్కెర మాదిరి. మొదటి చెంచా తెలుస్తాది. ఐదో చెంచా వేస్తే ఏం తెలుస్తాది? నువ్వు పెట్టుకున్న చివరి ఉంగరం సుమ్మనే దండగ బరువు. దాని జాగాలో బలానిది పెట్టుకుంటే రెండింతలు కొడతావు.”

“లెక్క వేరే, చెయ్యి వేరే,” అన్నాడు సుధీంద్ర. అతను బెంగుళూరులో పెద్ద బ్యాంకులకు ప్రోగ్రాములు రాస్తాడు. స్కూటరు హ్యాండిలుకు ఎండిన నిమ్మకాయ కట్టుకుంటాడు. రెంటికీ ఒకే బుర్ర వాడతాడు.

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పుట్టినవాళ్ళకు శ్రీరక్ష లెక్క పాలతో పాటు రావలసింది. టన్ను రాయిలో బంగారం ఎంతుందన్నది ఎంత ముఖ్యమో, రోజుకు ఎన్ని టన్నులు పైకొస్తున్నాయన్నదీ అంతే ముఖ్యం. ఆ రెండింటి మీదే ఊరు లేచింది, కూలింది. అయినా ఆ ఊరు దాచుకున్నది లెక్కను కాదు, కుంకుమ చేతి అచ్చును.

సీజన్ ముగియడానికి ఒక్క ఆదివారం మిగిలింది. ఆటలో సీజన్ ముగిస్తే అందరి సొత్తూ పోతుంది, మళ్ళీ కట్టుబట్టలతో మొదలు. అందువల్ల ఆ చివరిదానికి ముందు ఆదివారం ఓడిపోయాక నేత్ర హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. గట్టిగా కూడా పెట్టలేదు.

“వచ్చే వారమే ఆఖరు,” అంది. “అన్నా, ఆ ఉంగరాలు, తాయెత్తు, అవన్నీ తీసేసి వస్తే రా. లేకుంటే మా డిపో డ్రైవరు సీనప్ప ఉండాడు, వాణ్ణి నీ జాగాలో కూర్చోబెడతా. వాడికి ఆట రాదు. కానీ గొడ్డలి ఇస్తే కొడతాడు.”

“మునేషు లేకుండా ఆటా?” సుధీంద్ర నవ్వబోయాడు.

“నేను లేకుండా ఆడుకోండి మరి,” అంది నేత్ర. అప్పుడు సుధీంద్ర నవ్వలేదు. దొర ముందు నిలబడేది ఆమె ఒక్కతే అని అందరికీ తెలుసు. ఎవరూ అనేవారు కాదంతే.

మునేష్ ఆ వారమంతా బుర్ర పాడుచేసుకున్నాడు. ఆటలో ఓడిపోవడం అతనికి కొత్త కాదు, పెద్ద బాధా కాదు. బాధ ఆ కుర్చీ గురించి. లక్కు తొడుగులన్నీ విప్పేసి సున్నాతో వెళ్ళి కొడితే, రాలేది చెత్త అయితే? ఇన్నాళ్ళూ పడ్డ ఒక్క కిరీటమూ తొడుగుల పుణ్యమే, చెయ్యిది ఏమీ లేదని తేలిపోతుంది. ఆ ఇంట్లో అతను సుధీంద్ర స్నేహితుడిగా కూర్చోలేదు. మంచి చెయ్యిగా కూర్చున్నాడు. చెయ్యి పోతే కుర్చీ ఉంటుందా, మళ్ళీ గేటు దాకానా? టీకొట్టు దగ్గర పెద్దన్న కొడుకును ఎవరికైనా చూపిస్తే, “వైండింగ్ చేస్తాడు” అనడు. “మన మునేషు, కైరాశి” అంటాడు. ఆ మాట తీసేస్తే మునేష్ ఇంకెవరు? ఇలాంటి ప్రశ్నలు చదువుకున్నవాళ్ళకు వస్తే వ్యాసాలు రాస్తారు. మునేష్ మోటారు విప్పి పాత తీగ కోస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం షాపులో జనం లేనప్పుడు, బిల్లులు రాసుకోవడానికి కొన్న పాత ల్యాప్‌టాప్ తెరిచాడు. ఎవరూ చూడడం లేదని ఒకసారి వీధివైపు చూసి, ఆటలో తన మనిషికి ఉంగరాలు తీశాడు, తాయెత్తు తీశాడు, బూట్లు మార్చాడు. నేత్ర ఎప్పుడో వద్దని పారేసిన పాత గొడ్డలి ఒకటి పెట్టెలో ఉంటే చేతికిచ్చాడు. పై అంతస్తులో భూతాల చిన్న నాయకుడొకడి దగ్గరికి వెళ్ళి కొట్టాడు. వాడు పోయాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ పోయాడు. టీ చల్లారకముందే అంతకుముందు ఒక మధ్యాహ్నమంతా కష్టపడి చంపినన్నిసార్లు చంపాడు. రాలినవాటిలో ఎక్కువ చెత్తే, కానీ కుప్పలో మేలు రకాలు కనిపించాయి. లక్కుతో ఏరుకున్నవాటికంటే ఎక్కువే. శ్రీరక్ష చెప్పినట్టే. అతనికి సంతోషం కలగలేదు. తన వస్తువులే తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతున్నట్టుంది. అదృష్టం సున్నా పెట్టుకుని ఎవడైనా ఇంత ఏరుకోగలడంటే, ఇంక తన చేతికి పనేముంది?

శుక్రవారం బేతమంగళ దగ్గర ఒక తోటలో మోటారు బిగించాలని నేత్ర బస్సే ఎక్కాడు. జనం అట్టే లేరు. ఆమె టికెట్లు కొడుతూ వచ్చి అతని ముందు ఆగింది.

“యాడికి?”

“తెలీదా నీకు.”

“చెప్తే కదా కొట్టేది.”

“బేతమంగళ.”

టికెట్ చేతిలో పెట్టి, ముందు సీటుకు ఆనుకుని నిలబడింది. “ఏం ఆలోచన చేసినావు?”

“షాపులో చూసినా. తీసేసి ఆడినా.”

“ఊఁ.”

“నువ్వు చెప్పిందే నిజం. నీ గొడ్డలితో తొందరగా చస్తా ఉండారు.”

“మరి ఇంగేం?”

మునేష్ కిటికీలోంచి చూశాడు. “లక్కు లేకుండా నేను కొట్టి, ఏమీ పడకుంటే?”

“పడకుంటే ఇంగోసారి కొడతాము. దానికి తద్దినం పెడతావా?”

“నీకి తెలీదు నేత్రా. వాళ్ళింట్లో నన్ను పిలిచేది దేనికి అనుకున్నావు.”

వెనక సీట్లోని ముసలావిడ స్టాపు అడిగితే “ఇంగా ఉండాది అవ్వా, కూచో” అని చెప్పి నేత్ర ఇటు తిరిగింది.

“నన్ను దేనికి పిలుస్తారు?” అంది. “నాకు కైరాశి లేదు, కుంకుమా లేదు. నేను పోకపోతే దొర వాళ్ళను తినేస్తాడు. అందుకు పిలుస్తారు. నువ్వు అట్లా పోకూడదా?”

“నువ్వు వేరే.”

“ఏం వేరే? అన్నా, నీ చెయ్యి మంచిదే. ఆ చేతిలో కత్తి మంచిది కాదు. అంతే.” విజిల్ ఊదింది. “దిగు. నీ తోట వచ్చినాది.”

ఆదివారం వచ్చింది. సుధీంద్ర కంప్యూటర్ల ముందు ఊదొత్తి వెలిగించి, మునేష్ మౌస్ మీద ఒక మల్లెపువ్వు పెట్టాడు. మునేష్ పువ్వు తీసి పక్కన పెట్టి కూర్చున్నాడు. తొడుగులు విప్పేశానని నేత్రకు కళ్ళతో చెప్పాడు. సుధీంద్రకు చెప్పలేదు, చెబితే ఊదొత్తి ఆర్పేస్తాడేమోనని భయం.

దిగారు. మెట్ల దగ్గర ఎలుకలు వచ్చాయి. మునేష్ గొడ్డలి ఒక్కసారి తిప్పాడు, ఎలుకలు లేవు. దొర గది చేరేసరికి నలుగురూ కలిసే ఉన్నారు. ఆ గుంపుకు అది మొదటిసారి. నేత్ర ముందు, మునేష్ ఆమె పక్కన. దొర ఎర్రబడ్డాడు, గర్జించాడు, సీసా కోసం నడుము తడుముకున్నాడు. తాగడానికి తెరిపి దొరకలేదు.

“ఆపండి,” సుధీంద్ర అలవాటుకొద్దీ చేతులు ఎత్తాడు. “మునేషూ, నువ్వు...”

నేత్ర ఆపలేదు. దొర కూలాడు.

నేల మీద వస్తువులు చెల్లాచెదురుగా పడ్డాయి. అంతా మామూలు చెత్తే. మునేష్ తన అరచేతి వైపు చూసుకున్నాడు, ప్యాంటుకు తుడుచుకున్నాడు. “ఇంగోసారి పోదాం రాండి,” అంది నేత్ర, టికెట్ కొట్టే గొంతుతోనే. మళ్ళీ దిగారు. మళ్ళీ కూల్చారు. మళ్ళీ చెత్త. ఆ తర్వాతి సారి నీలం మెరుపుతో ఒక కవచం పడింది. ఆపైన ఒక ఉంగరం. ఆపైన చెత్త, చెత్త, ఒక బంగారు పిడి కత్తి. రాజలక్ష్మి కాఫీ తెచ్చేసరికి అన్ని ఆదివారాల్లో ఏరుకున్నదానికంటే ఎక్కువ సొత్తు వాళ్ళ దగ్గరుంది. అలా రావడానికి కారణం అందరి కళ్ళముందే ఉంది: దొర మళ్ళీ మళ్ళీ చచ్చాడు.

సుధీంద్ర కుర్చీలోంచి లేచి మునేష్ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

“చూసినావా శ్రీ? లెక్కలు చెప్పినావే. ఇదీ చెయ్యి అంటే.”

“సుధీ, నేను లక్కు తీసేసినా,” అన్నాడు మునేష్.

“ఏం తీసేసినావు?”

“ఉంగరాలు, తాయెత్తు, అన్నీ. చూడు ఈడ. సున్నా.”

సుధీంద్ర వంగి పట్టిక చూశాడు. సున్నా అలాగే ఉంది, గుండ్రంగా. మునేష్ ఇన్నాళ్ళ కుర్చీ ఆ అంకె మీద ఆనుకుని ఉంది.

సుధీంద్ర మొహం మెల్లగా వెలిగింది.

“లక్కు సున్నా పెట్టుకునే ఇంత పడిందా?” అన్నాడు. “అమ్మా, విన్నావా? ఆటలో లక్కు ఏమీ లేదంట. అంతా ఇతని సొంతమే.”

“నాకు ముందే తెలుసప్పా,” అంది రాజలక్ష్మి కాఫీ అందిస్తూ. “పుట్టుకతో వచ్చేది ఇది.”

“అది కాదు రాజలక్ష్మమ్మా. చివరి దెబ్బ నేత్రది. ప్రతిసారీ నేత్రే కొట్టింది. ఆట లెక్కకు నేను లేనే లేను.”

“పక్కన ఉండావు గదా,” అన్నాడు సుధీంద్ర.

శ్రీరక్ష కాఫీ గ్లాసు అందుకుని గోడవైపు చూస్తూ తాగింది. అడిగినవాళ్ళు లేకపోయినా నేత్రతో మాత్రం మెల్లగా చెప్పింది. “లక్కు అసలు వద్దని నేను ఎప్పుడూ అనలేదు నేత్రా. బలం తగ్గకుండా వచ్చేది ఉంటే పెట్టుకోవాల. ఒక ఉంగరం, చాలు. దానికోసం గొడ్డలి అమ్ముకోకూడదు, అంతే నేను చెప్పేది.”

“పోయిన వారమే నేను అన్నకు చెప్పినాను అక్కా,” అంది నేత్ర. “నీ మాదిరి అంతసేపు పట్టలేదు.”

ఇద్దరూ నవ్వుకున్నారు. మగవాళ్ళు రెండో కప్పు కాఫీ తీసుకున్నారు.

వార్త బజారుకు చేరడానికి సోమవారం పట్టింది. కంప్యూటర్లో అదృష్టం మొత్తం ఆపేసినా మునేష్ చెయ్యి పనిచేసిందని, బెంగుళూరు కంపెనీవాళ్ళే ఒప్పుకున్నారని చెప్పుకున్నారు. ఆ కంపెనీ ఏదో, ఎవరు ఒప్పుకున్నారో అడిగేంత సంస్కారహీనులు ఆ బజారులో లేరు. కొత్తగా తెరిచే రెండు కొట్ల వాళ్ళు ఒకే రోజు వచ్చారు. మునేష్ వాళ్ళకు నిజం చెప్పడానికి ప్రయత్నించాడు, దొర గురించి, గొడ్డలి గురించి, నేత్ర గురించి. వాళ్ళు శ్రద్ధగా విని, ఎంత అణకువ అని మెచ్చుకుని, ముహూర్తం చెప్పి వెళ్ళారు. పోతుందని వారమంతా భయపడ్డ పేరు, వదిలించుకుందామన్నా వదలకుండా కూర్చుంది. దానికీ అతనికీ సంబంధం లేదని మొదటిసారి తెలిసింది. అది కొంత అవమానమూ, కొంత సెలవూ.

కొత్త సీజన్ మొదలైంది. అందరూ మళ్ళీ కట్టుబట్టలతో, సున్నాతో గుహ వాకిట్లో నిలబడ్డారు. మునేష్ గొడ్డలి దారి పట్టాడు. ఒక ఉంగరం మాత్రం లక్కుది ఉంచుకున్నాడు, శ్రీరక్ష చెప్పినంత. కొన్ని వారాలకు అతను నేత్ర పక్కన దొర ముందు నిలబడగలిగాడు. శ్రీరక్ష వెనకే ఉంది. నాలుగో మనిషి మాత్రం ఎక్కడా కనిపించలేదు.

“సుధీ, యాడుండావు?”

“మెట్ల కాడ,” అన్నాడు సుధీంద్ర. గొంతులో ఆయాసం. “ఎలుకలు, మునేషూ.”

మునేష్ అతని తెర వైపు వంగి చూశాడు. హెల్మెట్ లక్కుది. తొడుగులు లక్కువి. ఉంగరాలు, బూట్లు, తాయెత్తు. చేతిలో చిన్న కత్తి.

“ఏంటికప్పా ఇది? నేను తీసేసింది చూసినావు గదా.”

“నీకేమప్పా, పుట్టుకతో ఉండాది,” అన్నాడు సుధీంద్ర. “నాకు లేదు. నేను పెట్టుకోవాల.”

మునేష్ వెనక్కి మెట్లెక్కి, ఎలుకల్ని కొట్టి, సుధీంద్రను లేపి, దొర గది దాకా వెంటబెట్టుకొచ్చాడు. లోపలికి వచ్చిన వెంటనే సుధీంద్ర పోయాడు. మళ్ళీ వెళ్ళి తెచ్చాడు. మళ్ళీ పోయాడు. ఈలోగా దొర హాయిగా సీసా తాగాడు.

సుధీంద్ర నీళ్ళ కోసం కిందికి దిగినప్పుడు నేత్ర కుర్చీ దగ్గరికి జరిపి గొంతు తగ్గించింది.

“అన్నా, సీనప్ప అడుగుతా ఉండాడు. పిలుద్దామా ఇతని జాగాలోకి?”

మునేష్ తెర మీద బోర్లా పడున్న సుధీంద్రను చూశాడు. మేలైన తొడుగులన్నీ మెరుస్తున్నాయి.

“వద్దులే,” అన్నాడు. “ఉండనీ. ఇల్లు వాళ్ళది.”